ఇంట్లో పాత ఆయిల్ ట్యాంకు ఉందా? ఇలా చెక్ చేసుకోండి

అక్టోబర్ వచ్చిందంటే నాకు వాట్సాప్‌లో రెండు రకాల మెసేజ్‌లు మొదలవుతాయి. మొదటిది: "అన్నా, ఇల్లు నచ్చింది, స్కూల్ బాగుంది, రేటు కూడా కుదిరేలా ఉంది. కానీ ఆయిల్ హీట్ అంట. తీసుకోవచ్చా?" రెండోది: "బేస్‌మెంట్‌లో కిరోసిన్ వాసన వస్తోంది. టెన్షన్ పడాలా?" ఆయిల్ హీట్ అంటే ట్యాంకులో నింపిన హీటింగ్ ఆయిల్‌ని కాల్చి చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచడం. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి అలిసిపోయి, అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ఇది న్యూజెర్సీ, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కనెక్టికట్, మసాచుసెట్స్ వైపు ఉన్నవాళ్ళ కోసం. అమెరికా ఇళ్ళలో కాలే హీటింగ్ ఆయిల్‌లో 80 శాతం పైగా ఈశాన్య రాష్ట్రాల్లోనే కాలుతుంది, కాబట్టి డాలస్, అట్లాంటా వాళ్ళు చదవకపోయినా నష్టం లేదు. న్యూజెర్సీలోనే మన్రోలో కొత్త టౌన్‌హౌస్ కొన్నవాళ్ళకీ ఈ గొడవ ఉండదు. ఎడిసన్, ఐస్‌లిన్, పార్సిపనీల్లో 1950లు, 60ల నాటి ఇల్లు కొన్నవాళ్ళు మాత్రం, ఇప్పుడు గ్యాస్ హీట్ ఉన్నా సరే, ఒకసారి చదవండి. ఎందుకో ఏడో స్టెప్‌లో తెలుస్తుంది.

థియరీ ఒక్క పేరా. ఈ ట్యాంకులు ఎక్కువగా లోపలి నుంచి తుప్పు పడతాయి. ట్యాంకు ఖాళీగా ఉన్నంత మేర గాలిలో తేమ చల్లబడి, గోడల మీద చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. నీళ్ళు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే ఉండిపోతాయి. దానికి బురద, బాక్టీరియా తోడై రేకుని ఏళ్ళ తరబడి తింటాయి. అందుకే పైన పెయింట్ నిగనిగలాడుతున్న ట్యాంకు కూడా అడుగున కాగితంలా పలచబడి ఉండొచ్చు. మీరు చూడాల్సింది అడుగు.

కావలసినవి

- మంచి టార్చి
- తెల్లటి పేపర్ టవల్స్, పారేయదగ్గ గ్లోవ్స్
- పాత అట్టపెట్టె ముక్కలు
- ఫోన్ కెమెరా, పర్మనెంట్ మార్కర్
- ఆయిల్ పీల్చే ప్యాడ్‌లు, లేకపోతే పిల్లుల ట్రేలో వేసే మట్టి సంచి ఒకటి
- భూమిలో ట్యాంకు ఉంటే: పొడుగాటి కొలత కర్ర, నీళ్ళు తగిలితే రంగు మారే పేస్ట్
- ఇంటి కాగితాల ఫైలు

స్క్రూడ్రైవర్, వైర్ బ్రష్ ఈ లిస్టులో లేవు. కావాలనే రాయలేదు.

1. మీ ట్యాంకు ఏ రకమో తేల్చుకోండి

బేస్‌మెంట్‌లో నాలుగు కాళ్ళ మీద నిలబడి, కోడిగుడ్డును నిలువునా కోసినట్టుండేది సాధారణంగా 275 గ్యాలన్లది. ఎత్తు 44 అంగుళాలు, వెడల్పు 27, పొడవు 60. దాదాపు అదే ఆకారంలో 330 గ్యాలన్లవీ ఉంటాయి. కొందరికి అలాంటిదే ఇంటి బయట గోడ పక్కన ఉంటుంది. మూడో రకం భూమిలో పాతిపెట్టినది. అవి చాలావరకు 550 లేదా 1000 గ్యాలన్లవి, పాత వాటికి తుప్పు పట్టకుండా ఏ పూతా ఉండదు, ఉత్త ఇనుమే.

ట్యాంకు కనిపించకుండా ఆయిల్ బర్నర్ (ఆయిల్‌ని కాల్చి వేడి పుట్టించేది) మాత్రం పనిచేస్తుంటే, అది భూమిలో ఉన్నట్టే.

2. వయసు కనుక్కోండి

ట్యాంకు పైన గానీ పక్కన గానీ చిన్న లోహపు ప్లేటు ఉంటుంది. టార్చి వేసి, దుమ్ము తుడిచి ఫోటో తీయండి. తయారైన సంవత్సరం దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఆయిల్ పోసే కంపెనీని అడగండి. వాళ్ళ దగ్గర పాత సర్వీస్ రికార్డులు ఉంటాయి. ఇరవై ఏళ్ళు దాటిందంటే ఏటా జాగ్రత్తగా చూసుకోవాలి. ముప్పై దాటితే నా మాటగా చెప్తున్నా, లీక్ అయ్యేదాకా ఆగకుండా మార్చడానికి డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. నలభై ఏళ్ళ ట్యాంకులు ఇంకా పనిచేస్తున్న ఇళ్ళు నాకు తెలుసు. అది వాళ్ళ అదృష్టం, దాన్ని నమ్ముకుని మీరు ప్లాన్ చేయకండి.

3. అడుగు తుడవండి

అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్ ఇదే, జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. గ్లోవ్స్ వేసుకోండి. నేల మీద పడుకునైనా సరే, ట్యాంకు అడుగు కనిపించేలా చూడండి. తెల్ల పేపర్ టవల్ మడిచి, ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా, నొక్కకుండా తుడవండి. అతుకుల దగ్గర, ఆయిల్ బయటికి వచ్చే వాల్వ్ చుట్టూ, కాళ్ళు బిగించిన చోట వేర్వేరు టవల్స్ వాడండి.

ఇప్పుడు టవల్ చూడండి. పొడి దుమ్ము, కాస్త గోధుమరంగు తుప్పు అంటితే పర్వాలేదు. ఎర్రగా, జిడ్డుగా మరక పడిందంటే ఆయిల్ చెమరుస్తోంది. మన రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేవాళ్ళు గుర్తుందా? ఇక్కడ హీటింగ్ ఆయిల్‌కి ఎరుపు కలుపుతారు, రోడ్డు పన్ను కట్టని ఆయిల్‌ని బళ్ళలో పోసుకోకుండా. ఆ ఎరుపే మీకు సాక్ష్యం. రంగు లేని తడి అయితే, వాసన చూడండి. వాసన లేకపోతే బేస్‌మెంట్ తేమ అయ్యుండొచ్చు. టవల్‌తో పొడిగా తుడిచేసి మర్నాడు మళ్ళీ చూడండి.

తర్వాత ట్యాంకు కింద అట్ట ముక్క పరిచి, మూలలో తేదీ రాసి, వారం వదిలేయండి. సిమెంటు నేల ఆయిల్‌ని పీల్చేసుకుంటుంది, చుక్క పడినా కనిపించదు. అట్ట మీద చుక్క పడితే దాని అంచు విచ్చుకుని రోజుల తరబడి ఉంటుంది.

హెచ్చరిక: తుప్పు పెచ్చు కనిపించిందని గోటితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ గీకకండి. ఒక్కోసారి ఆ పెచ్చే ఆయిల్‌ని ఆపుతూ ఉంటుంది. వైర్ బ్రష్ పెట్టి రుద్ది, పెయింట్ వేద్దామని కూర్చున్న ఒకాయన ఆదివారం సాయంత్రమంతా బకెట్లు పట్టుకుని గడిపాడు.

4. కాళ్ళు, గేజ్, వాసన

నిండు ట్యాంకు టన్ను పైనే తూగుతుంది. కాళ్ళు ఒరిగినా, ఒక కాలు కింద ఇటుక ముక్క పెట్టి సర్దినట్టున్నా, అది సర్వీస్ వాళ్ళకి చూపించాల్సిన విషయం. పైన గేజ్‌లో ఎర్ర బిళ్ళ కదలకుండా ఒకేచోట ఉంటే గేజ్ చెడిపోయి ఉండొచ్చు, మార్పించండి. మామూలుగా నెలకి ఎంత దిగేదో దానికంటే బాగా ఎక్కువ దిగితే, చలి ఎక్కువైందా లేదా అన్నది ముందు చూడండి. చలి ఎప్పటిలాగే ఉండి ఆయిల్ మాత్రం దిగుతుంటే అనుమానించాలి.

గేజ్ మీదే ఆధారపడకండి. 275 గ్యాలన్ల ట్యాంకులో ఒక్క అంగుళం అంటే ఆరు గ్యాలన్ల పైమాటే. సెకనుకో చుక్క కారితే రోజుకి ఒక గ్యాలన్ దాకా పోతుంది. అంటే నాలుగైదు రోజులు కారినా గేజ్‌లో మీకు తేడా తెలియదు.

ఇక వాసన. బర్నర్ దగ్గర, ఫిల్టర్ మార్చిన రోజున కాస్త వాసన రావడం మామూలే. రోజూ వస్తుంటే మామూలు కాదు. "ఆయిల్ హీట్ ఇంట్లో వాసన ఉంటుందిలే" అని ఎవరన్నా చెబితే నమ్మకండి.

5. ఆయిల్ లైన్ ఎటు పోతోందో చూడండి

ట్యాంకు నుంచి బర్నర్‌కి సన్నని రాగి గొట్టం పోతుంది. అది నేల పైన ప్లాస్టిక్ తొడుగులో పోతుంటే మంచిది. ట్యాంకు దగ్గర సిమెంటు నేలలోకి దూరి బర్నర్ దగ్గర తేలితే, తొడుగు లేకుండా సిమెంటులో పాతేసి ఉండొచ్చు. సిమెంటు తేమకి రాగి కూడా పోతుంది, అక్కడ లీక్ అయితే ఎవరికీ కనిపించదు. ట్యాంకు బాగుండి లైన్ వల్ల మునిగిన ఇళ్ళు చాలా ఉన్నాయి. మసాచుసెట్స్‌లో అయితే తొడుగున్న లైన్ గానీ ఆయిల్ సేఫ్టీ వాల్వ్ (లైన్ లీక్ అయితే ఆయిల్‌ని ఆపేసేది) గానీ ఉండి తీరాలని చట్టమే ఉంది, 2011 సెప్టెంబర్ 30 దానికి గడువు. ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో వైపు పాత ఇల్లు కొన్నవాళ్ళు ఆ పని జరిగినట్టు కాగితం ఉందో లేదో చూసుకోండి. మిగతా రాష్ట్రాల వాళ్ళకి నా సలహా కూడా అదే. ట్యాంకు మార్చడంతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు.

6. బయట రెండు గొట్టాలు

గోడకి బయట రెండు గొట్టాలు కనిపిస్తాయి. ఒకటి ఆయిల్ పోసేది, ఇంకోటి గాలి బయటికి పోయేది. ఆయిల్ పోస్తున్నంతసేపు గాలి గొట్టం దగ్గర ఈల వినిపించాలి. ఈల ఆగిందంటే ట్యాంకు నిండినట్టు, డ్రైవర్ ఆపేస్తాడు. ఒకసారి లారీ వచ్చినప్పుడు మీరు కూడా పక్కన నిలబడి వినండి. మొదట్నుంచీ ఈల లేకపోతే ఆయిల్ పోయొద్దని చెప్పండి. గొట్టంలో పక్షి గూడు, కందిరీగల గూడు ఉండొచ్చు, ఈల చెడిపోయి ఉండొచ్చు. దారి మూసుకుపోయిన పాత ట్యాంకులోకి పంపు ఒత్తిడితో ఆయిల్ కొడితే అతుకులు విచ్చుకుంటాయి.

ట్యాంకు ఇంటి బయట ఉన్నవాళ్ళకి ఇంకో గండం ఉంది. కప్పు మీది మంచు గడ్డలు జారి ఫిల్టర్ మీద పడితే ఫిల్టర్ విరిగి, మొత్తం ట్యాంకు ఖాళీ అవుతుంది. ఫిల్టర్ మీద లోహపు గొడుగు లాంటిది అమర్చే వీలుంది, పెట్టించండి. వసంతంలో మంచు కరిగాక కాళ్ళ కింద నేల కుంగిందేమో చూడండి.

7. భూమిలో ట్యాంకు: ఇల్లు కొనేవాళ్ళు తప్పకుండా చదవాల్సింది

న్యూజెర్సీలో మా ఇల్లు కొనేటప్పుడు అమ్మేవాళ్ళు "ట్యాంకు ఎప్పుడో తీయించేశాం" అన్నారు. రసీదు కూడా చూపించారు. గ్యాస్ హీట్, కొత్త బాయిలర్, ఇంకేం కావాలి? మా లాయర్ మాత్రం ట్యాంకు స్వీప్, అంటే భూమిలో ట్యాంకు ఏమైనా ఉందేమో వెతికించే తనిఖీ, చేయించమన్నారు. కొన్ని వందల డాలర్లు దండగ అనుకుంటూనే చేయించాం. స్వీప్‌కి వచ్చినతను మెటల్ డిటెక్టర్ పట్టుకుని పెరడంతా తిరిగి, ఏమీ లేదని తేల్చి, ముందువైపు పొదల దగ్గరికి వచ్చేసరికి అది కూయడం మొదలుపెట్టింది. అటూ ఇటూ జరిగి చిన్న నారింజ రంగు జెండాలు గుచ్చుకుంటూ పోయాడు. చూస్తుండగానే జెండాలతో మంచం అంత దీర్ఘచతురస్రం తయారైంది. రసీదు అబద్ధం కాదు. అది బేస్‌మెంట్‌లో ఉన్న రెండో ట్యాంకుది. అంతకు ముందు వాడిన మొదటిది మట్టిలోనే ఉండిపోయింది, ఆ సంగతి అమ్మేవాళ్ళకీ తెలియదు.

కాబట్టి కొనేముందు ఇలా చేయండి.

(క) ఇంటి చుట్టూ తిరిగి కోసేసిన గొట్టం మొదళ్ళు, బేస్‌మెంట్ గోడలో నొక్కి మూసేసిన సన్నటి రాగి గొట్టాలు, సిమెంటు పూసిన గుండ్రటి మచ్చలు వెతకండి.

(ఖ) టౌన్‌షిప్ ఆఫీసులో పబ్లిక్ రికార్డుల దరఖాస్తు పెట్టండి. న్యూజెర్సీలో దీన్ని ఓప్రా రిక్వెస్ట్ అంటారు. ఆ అడ్రస్ మీద ట్యాంకు పెట్టడానికి, తీయడానికి, గ్యాస్‌కి మారడానికి ఇచ్చిన పర్మిట్లన్నీ అడగండి. గ్యాస్‌కి మారిన పర్మిట్ ఉండి ట్యాంకు తీసిన పర్మిట్ లేకపోతే, ట్యాంకు ఎక్కడికి పోయిందో అడగాల్సిందే.

(గ) ట్యాంకు స్వీప్ చేయించండి. మెటల్ డిటెక్టర్‌తో పాటు నేల లోపలికి చూసే రాడార్ కూడా ఉన్నవాళ్ళనే పిలవండి. డెక్ కింద, కాంక్రీటు వరండా కింద చూడలేకపోతే రిపోర్టులో ఆ మాట రాయమనండి. ట్యాంకు తీసే పనీ, స్వీపూ ఒకే కంపెనీ చేస్తుంటే కాస్త ఆలోచించుకోండి. నేనైతే వేరే వాళ్ళతో చేయించుకుంటాను.

(ఘ) ఇదంతా ఇన్‌స్పెక్షన్ గడువులోపే అయిపోవాలి. న్యూజెర్సీలో కాంట్రాక్ట్ మీద సంతకాలయ్యాక లాయర్ చూసుకోవడానికి మూడు పనిదినాలు ఉంటాయి. ట్యాంకు దొరికితే ఖర్చు అమ్మేవాళ్ళదే అన్న మాట అప్పుడే రాయించండి. మాకు ఆ ఒక్క వాక్యమే పదుల వేల డాలర్లు మిగిల్చింది.

ఇప్పటికే కొనేసి, వాడుకలో ఉన్న భూగర్భ ట్యాంకు ఉంటే: కర్ర చివర రంగు మారే పేస్ట్ పూసి, ఆయిల్ పోసే గొట్టం నిటారుగా ఉంటే అందులోంచి మెల్లగా అడుగు దాకా దించి, నిమిషం ఆగి తీయండి. ఎంత ఎత్తు వరకు రంగు మారిందో అంత నీరు ఉన్నట్టు. రాసిపెట్టుకుని పెద్ద వానల తర్వాత మళ్ళీ చూడండి. నీరు పెరుగుతుంటే మూత దగ్గర నుంచైనా వస్తోంది, చిల్లి లోంచైనా వస్తోంది. నీరు లోపలికి వచ్చే చిల్లిలోంచి ఆయిల్ బయటికి పోగలదు. కర్రని అడుగుకి టకటకా కొట్టకండి, ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బావి నీళ్ళు తాగే ఇళ్ళవాళ్ళు, కనెక్టికట్ ఊరవతల అలాంటివి చాలా ఉన్నాయి, ఈ విషయంలో అస్సలు ఆలస్యం చేయొద్దు.

8. ఇన్సూరెన్స్ వాళ్ళని మూడు ప్రశ్నలు అడగండి

మామూలు హోమ్ పాలసీల్లో కాలుష్యానికి కవరేజ్ ఉండదని రాసి ఉంటుంది. ఈమెయిల్‌లోనే అడగండి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి. ట్యాంకు లీక్ అయితే మట్టి శుభ్రం చేయడానికి కవరేజ్ ఉందా? పక్కవాళ్ళ స్థలంలోకి పోతే? విడిగా ఆయిల్ లీక్ రైడర్ (పాలసీకి అదనంగా చేర్చుకునే కవరేజ్) దొరుకుతుందా? వయసు ఎక్కువైన ట్యాంకుకి చాలామంది రైడర్ ఇవ్వరు. అంటే రైడర్ కావాలంటే ట్యాంకు బాగున్నప్పుడే తీసుకోవాలి.

9. తీయించడం, మార్చడం

టౌన్‌షిప్ పర్మిట్ లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. తవ్వేముందు 811కి ఫోన్ చేయాలి, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వాళ్ళు ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. మామూలుగా కాంట్రాక్టరే చేస్తాడు, చేశాడో లేదో మీరు అడగండి.

భూమిలోది తీసే రోజు ఇంట్లో ఉండండి. మాది తీసినప్పుడు ముందు మిగిలిన ఆయిల్ పంపుతో లాగేశారు. పైన రేకు కోసి, ఒక మనిషి లోపల దిగి నల్లటి బురదంతా గీకి ఎత్తాడు. తర్వాత గొలుసులు కట్టి పైకి లేపి, మట్టి దులిపారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. పనివాడు స్క్రూడ్రైవర్ తెచ్చి, అడుగున ఒక మచ్చ మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. సునాయాసంగా అవతలికి దూరిపోయింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, చిల్లులున్నాయని రాసుకున్నాడు. న్యూజెర్సీలో ఆ క్షణం నుంచి అది రాష్ట్ర పర్యావరణ శాఖకి రిపోర్ట్ చేయాల్సిన విషయం. ఇంట్లో వాడుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకులకి ఫెడరల్ భూగర్భ ట్యాంకుల రూల్స్ వర్తించవు, అందువల్ల ఎవరు చూస్తారు, ఎంతవరకు శుభ్రం చేయాలి అన్నది మీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

చిల్లుల్లేకుండా బయటపడినా గుంత అడుగు నుంచి మట్టి నమూనాలు తీయించి ల్యాబ్ రిపోర్ట్ తీసుకోండి. చాలామంది వంద, రెండొందలు మిగులుతాయని వదిలేస్తారు. పదేళ్ళ తర్వాత ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళు అడిగే మొదటి కాగితం అదే.

ప్రత్యామ్నాయం: ట్యాంకుని తీయకుండా శుభ్రం చేసి, ఇసుక గానీ ఫోమ్ గానీ నింపి అక్కడే వదిలేయొచ్చు. ఇంటి పునాది పక్కనో, వరండా కిందో ఉండి తవ్వడం కుదరనప్పుడు మాత్రమే నేను ఒప్పుకుంటాను. అప్పుడు కూడా ట్యాంకు అడుగు కింద మట్టి పరీక్ష చేయించండి. అది లేకపోతే "ఇసుక నింపిన ట్యాంకు" అన్న మాట వినగానే కొనేవాళ్ళ లాయర్ వెనక్కి తగ్గుతాడు.

కొత్తది పెట్టుకునేవాళ్ళు లోపల ప్లాస్టిక్, బయట ఉక్కు ఉన్న రెండు పొరల ట్యాంకు చూడండి. పాత ట్యాంకులోని ఆయిల్‌ని కొత్తదాంట్లోకి పోయించొద్దు. డబ్బు మిగులుతుంది గానీ, దాంతోపాటు నీళ్ళూ బురదా వచ్చి కొత్తదాన్ని కూడా మొదటి రోజు నుంచే తినడం మొదలుపెడతాయి.

గ్యాస్‌కో హీట్ పంప్‌కో మారిపోతే, ట్యాంకుతోపాటు గోడ బయటున్న గొట్టాలు కూడా ఊడబెరికించండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఇంటి నంబరు పొరబడిన డ్రైవర్ ఆ గొట్టం చూసి, ట్యాంకు లేని బేస్‌మెంట్‌లోకి వందల గ్యాలన్లు పోసేసిన సంఘటనలు నిజంగా జరిగాయి.

ఇప్పుడే లీక్ కనబడితే

- బర్నర్ ఆపండి. చాలా ఇళ్ళలో బేస్‌మెంట్ మెట్ల పైన ఎర్ర ప్లేటు ఉన్న స్విచ్ అదే.
- ట్యాంకు దగ్గరి వాల్వ్ మూయండి. సన్న చుక్కయితే కింద ట్రే పెట్టండి.
- సంప్ పంప్ (బేస్‌మెంట్‌లో చేరిన నీళ్ళని బయటికి తోడేది) ప్లగ్ పీకేయండి, ప్లగ్ దగ్గర నేల పొడిగా ఉంటేనే. లేకపోతే బ్రేకర్ దగ్గర ఆపండి. పంప్ నడుస్తుంటే ఆయిల్‌ని మీ చేత్తో మీరే పెరట్లోకి పంపినట్టు.
- ప్యాడ్‌లు, పిల్లి మట్టి వేయండి. నీళ్ళు కొట్టి కడగొద్దు, సబ్బు, బ్లీచ్ అసలే వద్దు.
- పిల్లల్ని పైకి పంపి కిటికీలు తీయండి.
- ఆయిల్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకి, ఆ తర్వాత రాష్ట్ర హాట్‌లైన్‌కి ఫోన్ చేయండి. న్యూజెర్సీది 1-877-927-6337. ఆయిల్ ఎక్కువగా ఉంటే ముందు 911.
- ఫోటోలు తీశాక ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పండి.

అయస్కాంతంతో అంటించే ప్యాచ్‌లు దొరుకుతాయి. అవి ట్యాంకు ఖాళీ చేసేవరకు ఆగడానికే. ఒకచోట చిల్లి పడిందంటే పక్కన రేకు కూడా అలాగే ఉందని అర్థం. ప్యాచ్ వేసి శీతాకాలం లాగించేద్దామనే ఆలోచన మానుకోండి.

పని సరిగ్గా అయిందో లేదో

భూమిలోది తీయించినవాళ్ళ ఫైలులో ఇవి ఉండాలి: క్లోజ్ చేసిన పర్మిట్, ఇన్‌స్పెక్టర్ ఆమోదం, ఆయిల్, బురద ఎక్కడికి తీసుకెళ్ళారో రసీదు, ట్యాంకు తుక్కుకి పోయిన రసీదు, మట్టి ల్యాబ్ రిపోర్ట్, గుంత ఫోటోలు. లీక్ అయి ఉంటే రాష్ట్రం ఇచ్చే "ఇక చేయాల్సిందేమీ లేదు" అనే లెటర్ కూడా. మాకు అది రావడానికి నెలలు పట్టింది, అది వచ్చేదాకా కాంట్రాక్టర్‌కి ఆఖరి చెక్కు ఇవ్వకుండా అమ్మేవాళ్ళు ఆపి ఉంచారు. మంచి పని చేశారు.

ట్యాంకు మార్చినవాళ్ళు మొదటిసారి ఆయిల్ పోసిన రోజు సాయంత్రం, మర్నాడు పొద్దున, వారం తర్వాత అడుగూ, బిగింపులూ పేపర్ టవల్‌తో తుడిచి చూడండి. కొత్త బిగింపుల దగ్గర చెమరింపు మొదటి వారంలోనే తెలుస్తుంది, అప్పటికి కాంట్రాక్టర్ ఫోన్ కూడా ఎత్తుతాడు.

పాతదాన్నే ఇంకో చలికాలం నడుపుదామనుకున్నవాళ్ళు ఏటా సర్వీస్‌కి వచ్చే టెక్నీషియన్‌ని రెండు పనులు అడగండి: ఫిల్టర్ గిన్నెలో నీళ్ళు, తుప్పు ఉన్నాయా చూపించమని, అల్ట్రాసౌండ్‌తో అడుగు మందం కొలిచే పరికరం ఉంటే కొలవమని. ఫిల్టర్ తీసినప్పుడు పక్కనే నిలబడండి. తర్వాత ఏప్రిల్‌లో, హీట్ ఆపేశాక, ట్యాంకు నింపి ఉంచండి. నిండు ట్యాంకులో చెమ్మకి చోటుండదు. అయితే అడుగు టవల్ పొడిగా వచ్చిన ట్యాంకుకే ఈ సలహా. జిడ్డు అంటిన ట్యాంకుని నింపకండి.